హాజరు పట్టికలో కరుణమ్మ సంతకం

మా రిక్రియేషన్ సెంటర్‌లో బ్యాడ్మింటన్ కోర్టులు నాలుగున్నాయి. ఆడాలంటే గోడకు తగిలించిన కాగితం మీద పేరు రాయాలి. రాసిన వరుసలో పిలుస్తారు. ఇంతవరకు, టెక్సాస్‌లోని మా ప్లేనో నగరపాలకులను తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఇబ్బందల్లా ఒక పెద్దమనిషితో. నాలాగే రిటైరైనవాడు, మన తెలుగాయనే. పొద్దున తలుపులు తీయగానే లోపలికొచ్చి తన పేరుతో పాటు, ఇంకా ఇళ్ళలో కాఫీ తాగుతున్న మరో ముగ్గురి పేర్లు కూడా రాసేస్తాడు. నేను మోకాలికి పట్టీ బిగించుకుని, ఒళ్ళో రాకెట్ పెట్టుకుని, ఖాళీ కోర్టు అందాలు చూస్తూ కూర్చుంటాను. ఓసారి ఉండబట్టలేక, వాళ్ళేరండీ అని అడిగాను.

"దార్లో ఉన్నారు సార్. మీకెందుకు టెన్షన్?" అన్నాడు.

గంట తరవాత కూడా దార్లోనే ఉన్నారు. బహుశా విజయవాడ నుంచి బయలుదేరి ఉంటారు.

డెస్కు దగ్గరికెళ్ళి ఫిర్యాదు చేద్దామని రెండుసార్లు లేచాను. రెండుసార్లూ మళ్ళీ కూర్చున్నాను. రాని మనిషి పేరు ఎవరో కాగితం మీద రాస్తుంటే చూసి ఊరుకోవడంలో నాకు కాస్త అనుభవం ఉంది. నా ఉద్యోగం గురించి రాయమని ఈ మధ్య నా కుర్చీలోకి వచ్చిన అమ్మాయి అడిగినప్పుడు, ముందుగా గుర్తొచ్చింది అదే. కాబట్టి ప్రమోషన్ల సంగతి వదిలేస్తున్నాను. అవి పెద్దగా లేవు కూడా.

ఏం పని

నేను ఒక కమ్యూనిటీ కాలేజీలో ట్రాన్స్‌ఫర్ అడ్వైజర్‌గా పనిచేశాను. మా తెలుగు క్రైస్తవ సంఘంలో సాఫ్ట్‌వేర్ కానివాళ్ళు పాస్టరుగారు, కొందరు నర్సులు, నేను. మొదట్లో ఆరాధన అయ్యాక ఎవరైనా పలకరించి "ఏ టెక్నాలజీ బ్రదర్?" అని అడిగేవారు. పెన్సిలు అని చెప్పేవాణ్ణి. ఆ తరవాత ఎవరూ అడగలేదు.

కమ్యూనిటీ కాలేజీ అంటే ఇంటికి దగ్గరగా ఉండే రెండేళ్ళ కాలేజీ. అక్కడ మొదటి రెండేళ్ళు చదివి, మిగతా రెండేళ్ళకు యూనివర్సిటీకి వెళ్ళవచ్చు. వెళ్ళేటప్పుడు ఇక్కడ చదివిన కోర్సులు అక్కడ చెల్లుతాయా లేదా అన్నది ప్రశ్న. చెల్లకపోతే చదివిందే మళ్ళీ చదవాలి. చెల్లేలా దారి చూపించడం నా పని. వినడానికి చిన్న విషయం. పగలు గిడ్డంగిలో పనిచేసి సాయంత్రం క్లాసుకొచ్చే మనిషికి ఒక సెమిస్టరు చెల్లకపోతే, చాలాసార్లు చదువు అక్కడితో సరి.

మీకు కాగితాలు చదవడం ఎవరైనా నేర్పుతారు. మనుషులను ప్రశ్నలు అడగడం మాత్రం నాకెవరూ నేర్పలేదు. మా డైరెక్టరు డెబ్రా నేర్పబోయింది. నేను నేర్చుకోలేదు.

మనవాళ్ళు పార్కింగ్ లాట్‌లో పరిచయమైన మనిషిని కారెక్కేలోపు జీతం, వీసా, పిల్లల మార్కులు అడిగేస్తారు. చిన్నప్పటి నుంచి అది చూసి చూసి, అడగకపోవడమే సంస్కారమని నేను తీర్మానించుకున్నాను. ఎవరైనా ఆలస్యంగా వస్తే ఎందుకని అడిగేవాణ్ణి కాదు. ఫామ్‌లో ఒక గడి ఖాళీగా వదిలేస్తే నేనూ దాన్ని చూడనట్టు వదిలేసేవాణ్ణి. విద్యార్థులు నన్ను చాలా మర్యాదస్తుడనేవారు. అది ఎంత ప్రమాదకరమైన ప్రశంసో అప్పట్లో తెలియదు.

డెబ్రా

డెబ్రా పశ్చిమ టెక్సాస్ మనిషి. పొడుగ్గా, ఎండకు ఎండిన గడ్డిరంగు జుట్టుతో ఉండేది. ఎవరు ఏం చెప్పినా "ఎందుకు?" అనేది. విద్యార్థి కోర్సు మానేస్తానంటే ఎందుకు. మానననంటే ఎందుకు. నాకది మోటుగా అనిపించేది.

చేరిన కొత్తలో ఒకతనికి ఐదు కోర్సులతో అద్భుతమైన టైమ్‌టేబుల్ వేసిచ్చాను. ఒక్క క్లాసు కూడా వృథా పోదు, అన్నీ చెల్లుతాయి. డెబ్రాకు చూపించుకున్నాను కూడా. మూడో వారానికి అతను మాయమయ్యాడు. డెబ్రా ఫోన్ చేసి కనుక్కుంది. రెండు రోజుల క్లాసులు, ఇంటికి వెళ్ళే ఆఖరి బస్సు పోయాక అయిపోతాయట.

"అతనికి కారుందో లేదో నువ్వు అడగలేదా శామ్?" అంది.

అది అతని సొంత విషయం కదా అన్నాను. "బస్సు టైమింగులు సొంత విషయం కాదు, అవి గోడ మీద అంటిస్తారు," అని వెళ్ళిపోయింది.

మంచి బాసు అంటే మెచ్చుకునేవాడని నేను చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు అడిగితే, మీరు చేసిన పని చివర మనిషి ఉన్నాడా లేడా అని వెళ్ళి చూసొచ్చేవాడు మంచి బాసు అంటాను. అలాంటివాళ్ళ కింద పనిచేయడం సుఖంగా ఉండదు.

రెండు నిమిషాలు

కొన్నేళ్ళ తరవాత రాష్ట్ర శాసనసభలో ఒక బిల్లు వచ్చింది. అందులో రెండు సంగతులున్నాయి. ఒకటి, కమ్యూనిటీ కాలేజీలో ఒక జాబితాలోని కోర్సులన్నీ పూర్తిచేస్తే యూనివర్సిటీ వాటిని మొత్తంగా ఒప్పుకోవాలి. ఇది నచ్చింది, అది నచ్చలేదని ఏరడానికి వీల్లేదు. జాబితా సగంలో ఆపేస్తే మాత్రం ఒక్కొక్క కోర్సునూ యూనివర్సిటీ విడిగా చూసి తేలుస్తుంది. రెండోది, ఫాస్టర్ కుటుంబాలకు ఏటా ఇచ్చే శిక్షణను కమ్యూనిటీ కాలేజీలు జరపాలి. కన్నవాళ్ళు చూసుకోలేని పిల్లలను ప్రభుత్వం వేరే ఇంట్లో ఉంచుతుంది కదా, ఆ ఇళ్ళను ఫాస్టర్ కుటుంబాలంటారు. వాళ్ళకు లైసెన్సు ఉండాలి. ఏటా శిక్షణ పూర్తిచేస్తేనే లైసెన్సు నిలుస్తుంది. అలా పెరిగిన పిల్లలు చాలామంది మా కాలేజీకే వస్తారు గనక రెండింటినీ ఒకే బిల్లులో పెట్టారు.

మా కాలేజీ తరఫున మాట్లాడటానికి నన్ను రాష్ట్ర రాజధాని ఆస్టిన్ పంపారు. మైకు ముందు రెండు నిమిషాలిస్తారు. అందులో ఒక అర నిమిషం నేను అందరికీ ధన్యవాదాలు చెప్పడానికి ఖర్చుపెట్టానని డెబ్రా రిటైరయ్యేదాకా అంటూనే ఉంది. మిగతా నిమిషంన్నరలో ఒక పనికొచ్చే మాట చెప్పాను. ఈ కుటుంబాలకు పిల్లల వల్లే అత్యవసరాలు వస్తుంటాయి, క్లాసు తప్పినవాళ్ళు కారణం రాసిస్తే అదే సెమిస్టరులో మరో రోజు కూర్చునే వీలు ఉండాలి అన్నాను. బిల్లు చట్టమైనప్పుడు ఆ వాక్యం అందులో ఉంది. దాన్ని ప్రింటు తీసి నా క్యూబికల్‌లో పెట్టుకున్నాను. నా పేరు ఎక్కడా ఉండదు గానీ ఆ వాక్యం నాదని నాకు తెలుసు.

చట్టాలు చేసేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. మన కౌంటరు దగ్గర నిలబడి చూడలేదంతే. మనం వెళ్ళి చెబితే అప్పుడప్పుడు వింటారు. విన్న తరవాత ఆ చట్టాన్ని నడపాల్సింది మనమే అన్నది మనం మరిచిపోయే సంగతి.

శనివారం క్లాసు

అసెంబ్లీలో మాట్లాడినందుకు బహుమానంగా శిక్షణ క్లాసుల నిర్వహణ డెబ్రా నాకే అప్పగించింది. పాఠం చెప్పేవాళ్ళు వేరే ఉన్నారు. కుర్చీలు, కాఫీ, హాజరు పట్టిక నావి. శనివారం పది గంటలకు క్లాసు. వచ్చినవాళ్ళు పట్టికలో తమ పేరుకెదురుగా సంతకం చేస్తారు. చివర్లో నేను ధ్రువీకరించి రాష్ట్ర కార్యాలయానికి పంపుతాను.

ఆ క్లాసులో మా సంఘం నుంచి నలుగురైదుగురు సిస్టర్లు ఉండేవారు. దానికి కారణం కరుణమ్మ. భీమవరం దగ్గర ఊరు ఆవిడది. ఇక్కడ ఆసుపత్రిలో నర్సు. భర్త పోయాడు, కూతురు పెళ్ళయి సియాటిల్ దగ్గర ఉంటోంది. ఒక ఆదివారం సాక్ష్యం చెప్పడానికి లేచి, మూడు గదుల ఇంట్లో రెండు గదులకు దుమ్ము దులుపుతూ దేవుడికి స్తోత్రం చెప్పడం తనకు సిగ్గుగా ఉందని చెప్పి కూర్చుంది. తరవాత కొద్ది నెలలకు ఆవిడ ఇంటికి ఫాస్టర్ పిల్లగా కేలా వచ్చింది. ఆవిణ్ణి చూసి మరికొందరు సిస్టర్లూ లైసెన్సు తీసుకున్నారు.

కేలాకు అప్పుడు పదహారు. అంతకు ముందు ఎన్ని ఇళ్ళు మారిందో లెక్క పెట్టడం మానేశానని తనే అనేది. తెల్లపిల్ల, కళ్ళజోడు, మాట తక్కువ. ఏడాది తిరిగేసరికి కరుణమ్మను అమ్మ అని, మమ్మల్ని ఆంటీ, అంకుల్ అని పిలవడం నేర్చుకుంది. పప్పులో ఆవకాయ కలుపుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే మళ్ళీ వేసుకునేది. వినికిడి లేని పిల్లలకు పాఠాలు చెప్పే టీచరు కావాలన్నది ఆ పిల్ల కోరిక. మా కాలేజీలో చేరింది. జాబితా నేనే గీసిచ్చాను. పద్దెనిమిది నిండినా, చదువుకుంటున్నంత కాలం ఫాస్టర్ ఇంట్లోనే ఉండవచ్చు. ఇంటికి లైసెన్సు ఉండాలి, అంతే. రెండో ఏడు ఆఖరి సెమిస్టరుకు వచ్చింది. అది పూర్తయితే జాబితా పూర్తవుతుంది, మొత్తం చెల్లుతుంది, యూనివర్సిటీలో సీటు ఖాయం.

ఆ సెమిస్టరులో ఒక శనివారం కరుణమ్మ రాలేదు.

పట్టిక బల్లల మీదుగా తిరుగుతోంది. నేను వెనక కాఫీ దగ్గర ఉన్నాను. మా సంఘం సిస్టరు ఒకావిడ తన సంతకం చేసి, ఒక క్షణం ఆగి, కింద కరుణమ్మ పేరుకెదురుగా కూడా చేసింది. తలెత్తి చూసింది. నేను చూస్తున్నానని చూసింది. చిన్నగా నవ్వింది. నేను కాఫీలో చక్కెర కలుపుకున్నాను. నేను చక్కెర వేసుకోను.

నేను గుంటూరులో డిగ్రీ చదివాను. మా బ్యాచిలో స్నేహానికి కనీస అర్హత ప్రాక్సీ. రూమ్మేటు సినిమాకెళితే అతని నంబరుకు గొంతు మార్చి "ఎస్ సార్" అనడం నేరం కాదు సరికదా, అనకపోతే అన్నం దగ్గర ఎవరూ పలకరు. లెక్చరర్లకూ తెలుసు. అందరం మర్యాదగా తెలియనట్టు ఉండేవాళ్ళం. ముప్ఫై ఏళ్ళ తరవాత, సముద్రం ఇవతల, ప్రభుత్వ శిక్షణ క్లాసులో ఆ సిస్టరు చేసింది ఆ మర్యాదే. నేను చేసిందీ అదే. కరుణమ్మ ఎందుకు రాలేదని ఆవిణ్ణి అడగాలని కూడా నాకు తోచలేదు.

కవరు

సోమవారం కరుణమ్మ నైట్ డ్యూటీ దిగి నేరుగా నా దగ్గరికి వచ్చింది. యూనిఫాం మీదే ఉంది. చేతిలో తెల్ల కవరు.

"వందనాలు అన్నయ్యగారూ. శనివారం రాలేకపోయాను. లెటర్ తెచ్చాను. మళ్ళీ క్లాసు ఎప్పుడంటే అప్పుడు కూర్చుంటాను."

లెటర్లు గిటర్లు ఏమీ అక్కర్లేదన్నాను.

"అక్కర్లేకపోవడమేంటి? రూల్ కదా అది."

"చూసుకున్నాం లెండి. అయిపోయింది."

చూసుకున్నాం అన్నాను. ఎవరు, ఏం చూసుకున్నారన్నది చెప్పలేదు. ఆవిడ నా తల వెనక గోడ మీదున్న ప్రింటు వంక చూసింది. నా వాక్యం అక్కడే ఉంది. తప్పినవాళ్ళు కారణం రాసిస్తే. ఈయన అధికారి, ఏదో సడలింపు ఇచ్చినట్టున్నాడనుకుందట. చాలా థాంక్స్ చెప్పింది. కవరు అలాగే హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని వెళ్ళింది.

ఆ రోజు నేను చేయాల్సిన పని ఇది: కవరు తీసుకోవాలి, పట్టికలో ఆబ్సెంట్ అని రాయాలి, తేదీ ఇవ్వాలి. మొత్తం ఐదు నిమిషాలు. దానికి బదులు ఉపకారం చేశాను.

నెల తరవాత రాష్ట్ర కార్యాలయం నుంచి తనిఖీకి ఒకావిడ వచ్చింది. ఏటా వస్తుంది. చాలా మర్యాదస్తురాలు. శిక్షణ పట్టికలు, పిల్లల కేస్ ఫైళ్ళు పక్కపక్కన పెట్టుకుని చూస్తుంది. కేలా ఫైల్లో యూనివర్సిటీ సందర్శకుల రిజిస్టరు కాపీ ఉంది. ఆ శనివారం పది గంటలకు, ఇక్కడికి మూడు గంటల దూరంలో, కరుణమ్మ పూర్తి సంతకం. ట్రాన్స్‌ఫర్ విద్యార్థులు అక్కడి అడ్వైజరును కలిసే రోజట అది. ఒకే మనిషి ఒకే పది గంటలకు రెండు ఊళ్ళలో సంతకం పెట్టింది.

"ఇది ఎలా జరిగి ఉంటుందంటారు?" అని అడిగింది ఆవిడ.

పరిశీలించి చెబుతానన్నాను.

ఇక్కడ నా రెండో తప్పు. వెంటనే చెప్పకుండా పది రోజులు పరిశీలించాను. ఆ సిస్టరు పేరు బయటికి రాకూడదని ఒక పక్క, నా పేరు రాకూడదని ఇంకో పక్క. నిజం చెప్పాలంటే రెండో పక్కే బరువుగా ఉంది. చివరికి, హాజరు పట్టికలో పొరపాటు చోటుచేసుకున్నట్టు తెలుస్తోందని ఒక మెయిల్ తయారుచేసి డెబ్రాకు చూపించాను.

చదివి, "ఎవరు చేశారు ఈ పొరపాటు? పట్టిక తనంతట తానే చేసుకుందా?" అంది.

చెప్పాను. ఆవిడ అరవలేదు. కుర్చీ నా వైపు జరిపి, కీబోర్డు కూడా జరిపింది. నేను చూశాను, చూసి ఊరుకున్నాను, కరుణమ్మకు ఏమీ తెలియదు అని ఆవిడ ముందే టైపు చేశాను. నేను ఉద్యోగంలో రాసినవాటిలో అన్నిటికంటే చిన్న మెయిల్ అదే. పది రోజులు ఆలస్యం.

ఆ పది రోజుల్లో జరగాల్సింది జరిగిపోయింది. తప్పుడు హాజరు ఉన్న ఇంటి లైసెన్సు విచారణ అయ్యేదాకా ఆపుతారు. లైసెన్సు లేని ఇంట్లో కేలా ఉండకూడదు. ఉంటానని మొండికేస్తే చదువుకిచ్చే సాయమంతా పోతుంది. ఖాళీ ఉన్న ఇల్లు ఇక్కడికి పది గంటల దూరంలో, ఎల్ పాసో వైపు దొరికింది. కరుణమ్మ ఆ పిల్ల బట్టలు రెండు సూట్‌కేసుల్లో సర్దిందట. ఫాస్టర్ పిల్లలు ఇల్లు మారేటప్పుడు చెత్తసంచుల్లో బట్టలు వేసుకెళ్ళడం ఆవిడ చూసింది. అలా పంపనని, ఇండియా వెళ్ళేటప్పుడు వాడే పెద్ద సూట్‌కేసులు రెండూ ఇచ్చేసింది.

విచారణలో కరుణమ్మ ఆ కవరు తీసి బల్ల మీద పెట్టింది. అంటించింది అంటించినట్టే ఉంది. ఇన్నాళ్ళూ బైబిల్లో దాచిందట. అది, నా మెయిలు, రెండూ చూసి లైసెన్సు తిరిగి ఇచ్చారు. కవరు తెరిచింది ఎవరో అధికారి. అందులో ఏముందో నాకు చూపించలేదు, నేను అడగనూ లేదు. అప్పటికి సెమిస్టరు అయిపోయింది. కేలా మధ్యలో వదిలేసిన కోర్సులు పోయాయి, జాబితా సగంలో తెగిపోయింది. యూనివర్సిటీ కోర్సులను విడివిడిగా చూసి, సగానికి పైగా కుదరవంది. చట్టంలో అలాగే ఉంది. ఆ భాగం కూడా నేను సమర్థించిందే. ఆ ఏటి సీటు ఇంకెవరికో వెళ్ళింది.

నాకు ఒక హెచ్చరిక లేఖ ఇచ్చారు. నా ఫైల్లో ఒక్క కాగితం. కేలాకు అలాంటిదేమీ ఇవ్వలేదు.

ఇప్పుడు వచ్చేవాళ్ళకు

సలహాలు ఇవ్వాలంటే నాకు కాస్త మొహమాటంగా ఉంది. అయినా అడిగారు గనక.

మనవాళ్ళు మీ కౌంటరు దగ్గరికొచ్చి "కొంచెం చూడండి" అంటారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. మీరు మనిషా కాదా అని చూస్తున్నారంతే. మనిషేనని నిరూపించుకోవాలనిపిస్తుంది. నియమం ఎప్పుడూ శత్రువు కాదు, ఒక్కోసారి మీకంటే దయగలది. నేను రాయించిన వాక్యం నాకంటే దయగలది. దాన్ని గోడకు అంటించి, నా సొంత దయ ఉపయోగించాను.

ఎవరైనా రాకపోతే ఎందుకు రాలేదని అడగండి. కాగితం ఇస్తే చదవండి. ఇంతకంటే ఏమీ తెలియదు నాకు.

పోయిన నెల

రిటైరయ్యాక మా సంఘంవాళ్ళు ఆరాధన తరవాత హాల్లో భోజనం పెట్టారు. బిర్యానీ, పెరుగుపచ్చడి, కాస్ట్‌కోలో కొన్న కేకు. నా సేవల గురించి ఒకాయన మాట్లాడాడు. ఆయనకు నా ఉద్యోగమేమిటో తెలియదని నాకు తెలుసు.

కేలా వచ్చింది. ఆగిన చదువు మళ్ళీ మొదలుపెట్టింది. పగలు ఒక బధిరుల పాఠశాలలో సహాయకురాలిగా చేస్తోంది, సాయంత్రాలు ఒక్కో కోర్సూ కట్టి చదువుతోంది. ఇంకా రెండేళ్ళు పడుతుందట. ఆదివారాలు మాత్రం కరుణమ్మ ఇంట్లోనే. ఆ రోజు బల్ల వెనక నిలబడి అందరికీ పెరుగుపచ్చడి వడ్డిస్తోంది. ఇన్నేళ్ళలో ఆ పిల్లతో ఆ విషయం ఒక్కసారి కూడా మాట్లాడలేదు. పలకరిస్తే నవ్వేది, నేనూ నవ్వేవాణ్ణి.

వరుస అయిపోయేదాకా ఆగి, ప్లేటు పట్టుకుని వెళ్ళాను. మాటలు ముందే సిద్ధం చేసుకున్నాను. ఆ శనివారం మీ అమ్మ రాలేదని నేను రాయాల్సింది, రాయలేదు, నీ చదువు నా వల్లే వెనకబడింది, నన్ను క్షమించు అని ఇంగ్లీషులో చెప్పాను. ధన్యవాదాలేవీ కలపలేదు.

కేలా గరిటె గిన్నెలో పెట్టింది. చేతులు తుడుచుకుంది. నేను ఇంగ్లీషులో అడిగినదానికి తెలుగులో, ఒక్కో మాటా వెతుక్కుంటూ జవాబు చెప్పింది.

"ఆ లెటర్ నేనే టైప్ చేశాను అంకుల్. అమ్మ నాతో ఎందుకు వచ్చింది, అంతా రాశాను. ఒక్క పేజీ. మీరు చదవలేదు."